స్ప్రూస్ మీద మనసుపడితే ఉత్తరాంధ్ర పెరట్లో ఏ చెట్టు నాటాలి, ఎలా పెంచాలి?

సిమ్లాకో మనాలీకో వెళ్లి వచ్చినవారి కళ్లల్లో అక్కడి కొండవాలుల మీది చెట్లు చాలాకాలం నిలిచిపోతాయి. నేల నుంచి మొదలై పైకి పోయేకొద్దీ గోపురంలా సన్నబడుతూ, ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఆ చెట్లలో స్ప్రూస్ ఒకటి. అలాంటి చెట్టు మన వాకిట్లో ఒకటి ఉంటే బాగుండునన్న కోరికతో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవారు కొందరు తిరిగి వచ్చేటప్పుడు మొక్క తెచ్చుకుంటారు, మరికొందరు ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించుకుంటారు. ఆ మొక్క సాధారణంగా ఆషాఢం చూడదు. నేను తెప్పించిన నీలి స్ప్రూస్ విత్తనాలను తడి ఇసుకలో కలిపి నెలరోజులు ఫ్రిజ్‌లో ఉంచి, సంక్రాంతి వెళ్లాక కుండీలో చల్లితే పదకొండు మొలకలు వచ్చాయి. ఏప్రిల్ నెలాఖరుకు నాలుగు మిగిలాయి. రోహిణి కార్తెలో ఆ నాలుగూ రెండు రోజుల తేడాతో ఎండిపోయాయి. నీళ్లు తక్కువై కాదు, నీడ లేకా కాదు.

పికియా అనే ప్రజాతికి చెందిన స్ప్రూస్‌లో సుమారు 35 జాతులు ఉన్నాయి, అన్నీ ఉత్తరార్ధగోళంలోని చల్లని ప్రాంతాలవే. శీతాకాలంలో వారాల తరబడి గట్టి చలి తగిలితేనే వాటి మొగ్గలు నిద్ర లేచి వసంతంలో సక్రమంగా చిగురిస్తాయి. ఆ చలి లేకపోవడం ఒక దెబ్బ అయితే, మన తీరంలో రాత్రిళ్లు కూడా దిగని ఉక్క మరో దెబ్బ, ఎందుకంటే పగలు ఆకు తయారుచేసుకున్న ఆహారాన్ని వేడి రాత్రిలో చెట్టు శ్వాసకే ఖర్చుచేసుకుంటుంది. మన దేశంలోనే సహజంగా పెరిగే పశ్చిమ హిమాలయ స్ప్రూస్ సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల పైన ఉండే వాలుల్లో కనిపిస్తుంది. మందస నుంచి చూస్తే ఆకాశానికి ఆనుకున్నట్టు కనిపించే మహేంద్రగిరి శిఖరం ఎత్తే 1,501 మీటర్లు. ఆ శిఖరం మీద కూడా దొరకని చలిని కళింగపట్నం పెరట్లో ఆశించడం చెట్టుకు అన్యాయం.

అందువల్ల ఈ వ్యాసం స్ప్రూస్‌ను బతికించే ఉపాయాల గురించి కాదు. స్ప్రూస్‌లో మనకు నచ్చిన గోపుర రూపం, సన్నని ఆకుల పచ్చదనం, గాలికి పుట్టే హోరు, ఇంటికి గాలిమరుగు, ఇవన్నీ ఇక్కడి నేలలో ఏ చెట్టు ఇవ్వగలదో, దాన్ని ఎలా నాటి ఎలా కాపాడుకోవాలో చెప్పడమే దీని ఉద్దేశం. నా మొదటి సమాధానం సరుగుడు. ఇల్లు చిన్నదై, ఒక్క చెట్టు అలంకారంగా ఉంటే చాలనుకునేవారికి, క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీల్లో అమ్మే అరకేరియా. సరుగుడు అనగానే పందిళ్లకు, సెంట్రింగుకు వాడే బాదులే గుర్తుకు వచ్చి కొందరు ముఖం చిట్లిస్తారు. బాదుల కోసం మీటరుకొకటి చొప్పున కిక్కిరిసి పెంచిన తోటను చూసి ఆ చెట్టు అందాన్ని అంచనా వేయకూడదు. చుట్టూ చోటు దొరికిన సరుగుడు చెట్టు ఎలా ఉంటుందో సముద్రతీరపు పాత బంగళాల ఆవరణల్లో చూస్తే తెలుస్తుంది.

మొక్క పేరును ముందు సరిచూసుకోండి

కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కల మధ్య స్ప్రూస్ అనీ, క్రిస్మస్ చెట్టు అనీ పేరు రాసి ఉన్న కుండీలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అవి చాలావరకు అరకేరియాలే. అసలైన స్ప్రూస్ ఆకు నాలుగు పలకలుగా ఉండి రెండు వేళ్ల మధ్య తేలికగా దొర్లుతుంది. ఆకు రాలిన చోట కొమ్మ మీద చిన్న మేకులాంటి బుడిపె మిగిలి చేతికి గరుకుగా తగులుతుంది. అరకేరియాలో కొమ్మలు కాండం చుట్టూ ఒకే ఎత్తులో చక్రంలా పుట్టి, అంతస్తులు అంతస్తులుగా లేస్తాయి.

సరుగుడు అసలు స్ప్రూస్‌లాంటి శంకుధారి వృక్షమే కాదు, పూలు పూసే చెట్టు. మనం ఆకులనుకునేవి నిజానికి సన్నని పచ్చని రెమ్మలు. ఒక రెమ్మను రెండు వైపులా పట్టుకుని లాగితే కణుపు దగ్గర టప్పున ఊడుతుంది. ఆ కణుపు చుట్టూ పళ్లలా కనిపించే అతి చిన్న పొలుసులే అసలు ఆకులు. చిన్నప్పుడు ఆ రెమ్మను తెంపి మళ్లీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పమని ఆడుకున్నవారికి ఇది కొత్త కాదు. ఆ పళ్లను భూతద్దంతో లెక్కపెడితే జాతి కూడా తెలుస్తుంది. 6 నుంచి 8 ఉంటే మన తీరంలో చిరకాలంగా ఉన్న సరుగుడు, 9 నుంచి 11 ఉంటే జుంగూనియానా అనే ఇండోనేషియా జాతి. ఈ రెండింటి సంకరాలు, క్లోన్లు ఇప్పుడు రైతుల తోటల్లో ఎక్కువయ్యాయి. అవి వేగంగా, నిటారుగా పెరిగి మంచి బాదులు ఇస్తాయి. అయితే కొమ్మ కత్తిరింపుల నుంచి పుట్టిన క్లోన్ మొక్కకు, విత్తనపు మొక్కకు ఉండేలాంటి తల్లివేరు ఉండదు. తుఫాను దారిలో ఉన్న ఇంటి పక్కన నాటడానికి నా మొగ్గు విత్తనపు మొక్క వైపే.

చోటు ఎంపిక

స్వేచ్ఛగా ఎదిగిన సరుగుడు 60, 70 అడుగులు, మంచి నేలలో అంతకు మించి కూడా లేస్తుంది. కాబట్టి దాన్ని ఇంటి గోడకు కనీసం 25 అడుగుల దూరంలో, కరెంటు తీగలకు, నూతికి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా నాటాలి. అయిదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి ఇంత దూరం దొరకదు. వారు సరుగుడును చెట్టుగా పెంచే ఆలోచన మానుకుని, ప్రహరీ వెంబడి కత్తిరించే కంచెగా పెంచుకోవడం మంచిది.

గాలిమరుగు కోసం నాటేవారు చెట్లను ఇంటికి దగ్గరగా నాటితేనే రక్షణ అనుకుంటారు. వాస్తవానికి ఒక చెట్ల వరుస తన ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వరకు వెనకవైపు గాలి వేగాన్ని చెప్పుకోదగినంత తగ్గిస్తుంది. 20 అడుగుల ఎత్తున్న వరుస ప్రభావం 200 అడుగుల వరకు ఉంటుంది కాబట్టి, స్థలం ఉన్నవారు ఇంటి నెత్తిన నాటుకోవలసిన పని లేదు. ఇంకొక సంగతి, గాలికి గట్టి గోడ కన్నా జల్లెడే మేలు. గోడను తాకిన గాలి పైకి లేచి అవతలవైపు సుడి తిరుగుతూ పడుతుంది. సరుగుడు రెమ్మల మధ్య నుంచి వడకట్టుకుని వచ్చిన గాలికి ఆ ఊపు ఉండదు. అందుకే వరుసను మరీ చిక్కగా చేయకూడదు. రెండు వరుసలుగా, వరుసల మధ్య 8 అడుగులు, మొక్కల మధ్య 6 అడుగులు ఉంచి, మొదటి వరుసలోని సందు ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా నాటితే చాలు. కంచె కోసమైతే అడుగున్నర నుంచి రెండు అడుగుల ఎడం సరిపోతుంది.

నేల విషయంలో సరుగుడుకు పెద్ద పట్టింపు లేదు. భావనపాడు, బారువ వైపు ఇసుకలో, ఉప్పు గాలిలో అది నిక్షేపంగా ఎదుగుతుంది. విజయనగరం మెట్టల ఎర్రనేలలోనూ పెరుగుతుంది. దానికి పడనిది ఒక్కటే, వానాకాలంలో వారాల తరబడి నీళ్లు నిలిచే బంకమట్టి. అలాంటి పల్లంలో వేళ్లు లోతుకు దిగక పైపైనే పాకుతాయి, పాకిన వేళ్ల చెట్టు మొదటి పెనుగాలికే ఒరిగిపోతుంది. తప్పనిసరైతే రెండు అడుగుల ఎత్తున మట్టి గట్టు వేసి దాని మీద నాటాలి. సముద్రానికి ఎదురుగా స్థలం ఉన్నవారికి ఒక విన్నపం. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వస్తాయి. అలలకు దగ్గరగా ఉన్న ఖాళీ ఇసుకలో సరుగుడు నాటితే వేళ్లు, రాలిన రెమ్మలు వాటి గూళ్లకు అడ్డుపడతాయి. ఆ ఇసుకను వాటికి వదిలేసి, మీ ప్రహరీ లోపలే నాటుకోండి.

మొక్కను కొనడం, నారు పోసుకోవడం

రైతులు మట్టి లేని నారును కట్టలుగా, వేల లెక్కన కొంటారు. వాటిలో కొన్ని పోయినా తోటకు లోటు ఉండదు. పెరట్లో పది మొక్కలు నాటేవారు మాత్రం పాలిథిన్ కవర్లలో పెరిగిన, అడుగు నుంచి అడుగున్నర ఎత్తున్న మొక్కలనే తీసుకోవాలి. నర్సరీలో మూడు అడుగుల పొడవు మొక్కను చూసి సంబరపడవద్దు. చిన్న కవరులో అంత ఎత్తు పెరిగిందంటే అడుగున దాని వేళ్లు చుట్టచుట్టుకుని ఉంటాయి. అలా చుట్టుకున్న వేరు నేలలో పడ్డాక కూడా చాపుకోదు, ఆ చుట్ట మీదే చెట్టు నిలబడుతుంది, అయిదారేళ్లకు తల బరువెక్కాక సీసా బిరడాలా ఊడి వస్తుంది. ఉత్తరాంధ్రలో చెట్టు భవిష్యత్తును నిర్ణయించేది దాని వేళ్లే. కొనేటప్పుడే కవరు అడుగు నొక్కి చూడండి, రాయిలా గట్టిగా తగిలితే ఆ మొక్కను పక్కన పెట్టండి.

విత్తనంతో మొదలుపెట్టే ఓపిక ఉంటే అదీ కష్టమేమీ కాదు. పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతున్న కాయలను కోసి, పళ్లెంలో వేసి పలుచని గుడ్డ కప్పి ఎండలో పెడితే మూడు నాలుగు రోజుల్లో అవి విచ్చుకుని రెక్కల విత్తనాలను రాలుస్తాయి. ఇసుక ఎక్కువగా కలిపిన మడిలో చల్లి, పైన వేలి గోరు మందాన ఇసుక కప్పి, రోజుకు రెండుసార్లు జల్లుమూత ఉన్న డబ్బాతో నీళ్లు చిలకరించాలి. చీమలు ఈ విత్తనాలను క్షణాల్లో మోసుకుపోతాయి కాబట్టి మడి చుట్టూ బూడిద గీత గీయడం, లేదా మడిని ట్రేలో పోసి ట్రే కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలపడం మంచిది. మొలకలు జానెడు కన్నా కాస్త తక్కువగా ఎదిగినప్పుడు ఒక్కొక్కటిగా కవర్లలోకి మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న పని చేస్తే పెద్ద ఫలితం వస్తుంది. పాత సరుగుడు చెట్టు కింద నుంచి రెండు గుప్పెళ్ల మట్టి తెచ్చి కవరు మట్టిలో కలపండి. సరుగుడు వేళ్ల మీద బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఆ మట్టిలో ఉంటుంది. చెట్టు ఇసుకలో కూడా పచ్చగా ఉండే రహస్యం అదే. ఇంతకుముందు ఎన్నడూ సరుగుడు లేని నేలలో నాటేవారికి ఈ మట్టి మరీ అవసరం.

నాటడం

మన జిల్లాల్లో నైరుతి వానలు జూన్‌లో మొదలైనా మొదటి జల్లులను నమ్మి నాటకూడదు. నేల జానెడు లోతు వరకు తడిసిన తరువాత, అంటే జులైలో నాటితే అక్టోబరు గాలుల నాటికి వేళ్లకు మూడు నెలల గడువు దొరుకుతుంది. సెప్టెంబరులో నాటితే ఆ గడువు ఉండదు.

నాటడానికి పదిహేను రోజుల ముందే అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పుతో గుంతలు తీసి ఎండనివ్వాలి. తీసిన పై మట్టిలో ఒక తట్ట బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), చెదలు రాకుండా 200 గ్రాముల వేపపిండి, 50 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ కలిపి గుంతను ముప్పాతిక వరకు నింపాలి. పచ్చి గెత్తం వేస్తే చెదలను పిలిచి కూర్చోబెట్టినట్టే. యూరియా అక్కరలేదు. నత్రజని మనమే పోస్తే వేళ్ల మీద బుడిపెలు కట్టడం తగ్గుతుంది.

కవరును ముందు అడుగు నుంచి అంగుళం మేర బ్లేడుతో అడ్డంగా కోసి పారేయాలి, ఆ కోతతో వంకర తిరిగిన వేళ్ల కొసలు పోతాయి. తరువాత పక్కన నిలువుగా చీల్చి, మట్టిగడ్డ చెదరకుండా మొక్కను గుంతలో నిలపాలి. కవరులో మట్టి ఏ ఎత్తు వరకు ఉందో నేలలోనూ కాండం అంతవరకే మునగాలి. ఇసుక నేలలో మాత్రం రెండు అంగుళాలు లోతుగా పెట్టినా నష్టం లేదు. మట్టిని మడమతో తొక్కి గట్టిపరచి, చుట్టూ పాదు చేసి, వాన పడుతున్నా సరే ఒక బిందెడు నీళ్లు పోయాలి. ఆ నీళ్లు దాహం తీర్చడానికి కాదు, వేళ్లకూ మట్టికీ మధ్య ఉన్న గాలిని వెళ్లగొట్టడానికి.

మొదటి రెండేళ్లు

మేకలకు లేత సరుగుడు ఇష్టం. కాబట్టి నాటిన రోజే కంప కట్టాలి.

ఊతకర్ర విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. కర్రకు మొక్కను బిగించి కట్టి ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కాండం కర్రనే నమ్ముకుని సన్నగా, బలం లేకుండా పెరుగుతుంది. గాలికి కాస్త ఊగిన కాండమే మొదలు దగ్గర లావెక్కుతుంది. మొక్కకు రెండు వైపులా రెండు కర్రలు పాతి, పాత చీర పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర కట్టి, ఏడాది తిరగగానే విప్పేయాలి.

నీటి విషయంలో మొదటి వేసవి పరీక్షలాంటిది. ఇసుకనేలలో రెండు రోజులకొకసారి, ఎర్రనేలలో వారానికి రెండుసార్లు, ఒక్కో మొక్కకు 10 లీటర్ల చొప్పున సాయంత్రం పూట పోయాలి. పాదులో కొబ్బరి డొక్కలు పరిస్తే తడి నిలుస్తుంది, అవి మన వైపు కొనుక్కోవలసిన వస్తువు కాదు. రెండో ఏడాది నుంచి పోసే నీళ్ల మోతాదు పెంచి, ఎడం పెంచాలి. రోజూ చెంబెడు పోసే ఇంట్లో వేళ్లు ఆ చెంబెడు తడి చుట్టూనే తిరుగుతాయి. పది రోజులకొకసారి రెండు బిందెలు పోసే ఇంట్లో వేళ్లు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. మూడో వేసవికి తీరప్రాంతంలో నీళ్లు పోయకపోయినా చెట్టు నిలబడుతుంది. ఏటా వానలకు ముందు ఒకసారి పాదు గొప్పు తవ్వి ఒక తట్ట గెత్తం వేస్తే ఎరువు పని ముగిసినట్టే.

కత్తెర పట్టడం

స్ప్రూస్ లాంటి గోపుర రూపం కావాలనుకుంటే సరుగుడు నడినెత్తి చిగురును ముట్టుకోకూడదు. నిటారుగా రెండు కొసలు పోటీపడి లేస్తుంటే బలహీనమైనదాన్ని మొదట్లోనే తీసేయాలి, ఎందుకంటే ఆ పంగ దగ్గరే పదేళ్ల తరువాత చెట్టు చీలుతుంది. కింది కొమ్మలను నరకకుండా ఉంచితే నేల నుంచే పచ్చదనం ఉంటుంది. వాటికి ఎండ తగలకపోతే అవే ఎండిపోతాయి కాబట్టి చెట్టు పక్కన మామిడో పనసో ఆనుకుని ఉండకూడదు.

కంచెగా పెంచేవారి పని ఇందుకు పూర్తిగా భిన్నం. మొక్క రెండు అడుగులు దాటగానే కొసను తుంచాలి, పక్క రెమ్మలను రెండు నెలలకొకసారి కత్తిరిస్తూ ఉండాలి. కంచె అడుగుభాగం వెడల్పుగా, పైభాగం సన్నగా ఉండేలా మలచుకుంటే కింది రెమ్మలకు ఎండ అందుతుంది. ఒక సంవత్సరం నిర్లక్ష్యం చేసి, తరువాత ఒక్కసారిగా పచ్చదనం లేని ముదురు కొమ్మ వరకు నరికితే సరుగుడు అక్కడ మళ్లీ చిగురిస్తుందన్న భరోసా లేదు. మొదలంటా నరికితే అసలే కష్టం. జుంగూనియానా మాత్రం మోడు నుంచి కూడా బాగా పిలకలు వేస్తుంది, కంచెకు దాన్ని ఎంచుకోవడానికి ఇదొక కారణం.

తుఫానుకు ముందు, తరువాత

2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ సరిగ్గా అదే తేదీన విశాఖపట్నం దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటాయి. తిత్లీ గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన దృశ్యం చూసినవారికి పెరటి చెట్టును అక్టోబరుకు సిద్ధం చేయాలన్న మాట వేరుగా చెప్పనక్కరలేదు. సెప్టెంబరు మూడో వారానికల్లా ఎండు కొమ్మలు, పంగలో చిక్కుకున్న కొమ్మలు తీసేసి, గుబురులో అయిదో వంతు వరకు పలచబరచాలి. తల నరకడం మాత్రం తగదు. తల తెగిన చోట పుట్టే కొమ్మలు పైపై అతుకులే, మరుసటి తుఫానుకు అవే ముందుగా ఇంటి మీద పడతాయి. తుఫాను కన్ను దాటాక గాలి ఎదురు దిశ నుంచి వీస్తుంది కాబట్టి చిన్న మొక్కలకు ఊతం ఒక్క వైపే కట్టడం వృథా.

మూడేళ్ల లోపు మొక్క ఒరిగితే రెండు మూడు రోజుల్లోపు, నేల ఇంకా మెత్తగా ఉండగానే లేపాలి. ఒరిగిన వైపు వేళ్ల కింద మట్టి తీసి, తాడుతో మెల్లగా నిలబెట్టి, మూడు వైపులా తాళ్లు కట్టి, మట్టి తొక్కాలి. పెద్ద చెట్టును ఇలా లేపడం వ్యర్థం. వేళ్లు సగం తెగిన పెద్ద చెట్టు పచ్చగా కనిపించినా మరుసటి ఏడాది ఇంటి మీద పడవచ్చు, దాన్ని నరికించేయడమే క్షేమం.

తెగుళ్లు, రాలిన రెమ్మలు

కాండం మీద సాలెగూడులా అల్లుకున్న గొట్టం, అందులో రంపపు పొట్టులాంటి విసర్జన కనిపిస్తే అది బెరడు తినే పురుగు. గొట్టాన్ని చీపురుతో తుడిచేసి, చివర కనిపించే రంధ్రంలో సన్నని ఇనుప తీగ గుచ్చి పురుగును చంపి, కిరసనాయిలులో ముంచిన దూదిని పెట్టి మట్టితో మెత్తితే సరిపోతుంది. బెరడు బొబ్బలెత్తి, పగిలి, లోపల మసిలాంటి నల్లని పొడి కనిపించే జబ్బుకు మాత్రం మందు లేదు. ఆ చెట్టును తీసి తగలబెట్టి, ఆ గుంతలో మళ్లీ సరుగుడు నాటకుండా ఉండటమే మార్గం.

రాలిన రెమ్మలు నేల మీద మందంగా పరుచుకుని కింద గడ్డిని కూడా మొలవనీయవు. ఎండాకాలంలో అవి చిటికెలో అంటుకుంటాయి. పెంకుటిల్లు ఉన్నవారు, డాబా మీద నీటి తూములు ఉన్నవారు నెలకొకసారి ఊడ్చుకోవాలి. ఊడ్చినదాన్ని కాల్చకుండా కొబ్బరి పాదుల్లో పరిస్తే కలుపు తగ్గుతుంది.

అరకేరియా సంగతి

చోటు తక్కువగా ఉన్నవారికి అరకేరియా అందమైన చెట్టు, ఉప్పు గాలిని కూడా ఓర్చుకుంటుంది. కుండీలో నాలుగైదేళ్లు ఉంచవచ్చు. ఎండ ఒకే వైపు నుంచి పడే వరండాలో అయితే వారానికి ఒకసారి కుండీని పావు వంతు తిప్పుతూ ఉండాలి. దీని కొస విరిగితే మునుపటి రూపం తిరిగి రాదు, రాలిన కింది అంతస్తు మళ్లీ పుట్టదు. పక్క కొమ్మను కత్తిరించి పాతితే వేళ్లు పట్టినా అది పక్కకే పాకుతుంది తప్ప చెట్టుగా లేవదు, కాబట్టి విత్తనపు మొక్కనే కొనాలి.

మార్కెట్లో నార్‌ఫోక్ దీవి పైన్ అనే అరకేరియా జాతి పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు న్యూ కాలెడోనియాకు చెందిన కుక్ పైన్ అనే మరో అరకేరియా మొక్కలు ఉంటాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఈ కుక్ పైన్ ప్రపంచంలో ఎక్కడ పెరిగినా భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది, సగటున ఎనిమిది డిగ్రీలకు పైగా. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా అది దక్షిణానికి వంగుతుందన్న మాట. కాబట్టి నేలలో నాటదలచుకుంటే ఇంటికి, కరెంటు తీగలకు ఉత్తరాన నాటవద్దు. ఇంటికి దక్షిణంగా, గోడకు 15 అడుగుల దూరంలో, అది వంగడానికి ఇంకా ఖాళీ మిగిలి ఉండేలా చోటు చూసుకోండి.